దారం తెగిందనుకున్నాను

అక్కా, నేను క్షేమం, ఉద్యోగం కూడా ఊడలేదు.

మిల్లు మోతలో మాట వినపడదు, మాకు చేతిసైగలే భాష. బొటనవేలు, చూపుడువేలు కలిపితే దారం తెగిందని అర్థం. మొన్న పక్క మగ్గం పెద్దమ్మ, తన మగ్గం ఆగిన తీరికలో కూర్చుని అలాగే వేళ్లు కలిపింది. నేను గబుక్కున నా మగ్గం ఆపేశాను. తీరా చూస్తే ఆమెది ధ్యానముద్రట! మేస్త్రి వచ్చి, "కళ్లు దొబ్బాయా?" అని అందరి ముందూ అరిచాడు. ఒళ్లు మండి పిడికిలి ఎత్తాను. కొట్టి ఉంటే ఆ పూటే గెంటేసేవారు. పెద్దమ్మ నా పిడికిలి పట్టుకుని, ఒక్కో వేలూ విప్పి, ఆ రెండూ కలిపింది. "శాంతంగా ఊపిరి పీల్చరా, సన్నాసీ!" అని నా చెవిలో గట్టిగా అరిచింది. నాకు నవ్వొచ్చేసింది, మేస్త్రికి కూడా. ఏం మనిషక్కా! అంత మోతలో గుడిలో దీపంలా కూర్చుంటుంది. రోజూ ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను.

నా ఉన్ని చొక్కా పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? నాన్న కేకలేస్తే ఎదురు చెప్పకు, వేళ్లు కలుపు. పెన్ను పట్టుకున్నా ఆ రెండు వేళ్లే కలుస్తాయి. అందుకేనేమో, ఈ కార్డులో నా తిట్టు ఒక్కటీ లేదు.

అందరికీ దండాలు.
నీ కోపిష్టి తమ్ముడు