గైక్ సిమ్ పెద్దమ్మ బార్లీ ఇవ్వలేదు

తైపింగ్, సోమవారం

అక్కా, మేమిద్దరం కులాసా. కంగారు పడకుండా చివరిదాకా చదువు.

నిన్న మా వీధి చివర గైక్ సిమ్ పెద్దమ్మ కొట్టుకు వెళ్లి, ఎండలకు చలవ చేస్తుందని అరకిలో బార్లీ అడిగాను. ఆవిడ డబ్బా మూత తీసి, నా బుట్టలో ఊరబెట్టిన పుల్లపళ్ల పొట్లాలు మూడు చూసి ఆగిపోయింది.

"ఎన్నో నెలే?" అంది మెల్లగా.

"అబ్బే, ఏం లేదు పెద్దమ్మా."

"నా దగ్గరా దాపరికం? కడుపుతో ఉన్నవాళ్లు బార్లీ తాగకూడదు. నీకివ్వను, ఫో," అని మూత పెట్టేసి, వికారానికి అల్లం కొమ్ము చేతిలో పెట్టింది.

కొట్లోనే ఏడ్చేశాను అక్కా. మూడో నెల దాటేదాకా బయటపెట్టకూడదంటారు కదా. ఇంతకుముందు రెండుసార్లు అలాగే నోరు మెదపలేదు. రెండూ నిలవలేదు. ఆ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, నీకు కూడా చెప్పలేదు. దాచి దక్కించుకున్నదేమీ లేదు.

అమ్మకు దగ్గు తగ్గిందా? తగ్గితే ఒక నెల నా దగ్గరకు పంపు. బావగారికి నమస్కారాలు, హాన్ వీకి ముద్దులు. ఈ కార్డు పోస్టుమాన్ చదివితే చదవనీ.

నీ చెల్లెలు,
బీ గ్యోక్