మల్లేశం కార్డుల్లో లేని తప్పు

1968 ఆగస్టు, గురువారం రాత్రి, తార్నాక

వేరే రకం కంప్యూటర్‌లో నడవాల్సిన నా ప్రోగ్రాం కోసం, మా క్యాంపస్ మెషిన్ మొదట వెతికే ట్రేలో, అందరి ప్రోగ్రాంలూ వాడుకునే లెక్కల చిల్లుల కార్డుల ముందు నిన్న ఆ కంప్యూటర్‌కే సరిపడే నా కార్డుల కట్ట పెట్టాను. తీయడం మరిచాను. ఇవాళ నాతో చదివే మల్లేశం ప్రోగ్రాంలోకి కూడా అవే చేరి, వాడి జవాబులన్నీ తప్పొచ్చాయి.

"ఇంత అజాగ్రత్తా?" అని ప్రొఫెసర్‌గారు వాణ్ణి అందరి ముందూ దులిపేశారు. నాకప్పుడే గుర్తొచ్చింది. తప్పు నాదని ఒప్పుకోలేదు, సిగ్గులేనివాణ్ణి. ఆయన వెళ్లగానే కట్ట తీసి సంచిలో దాచుకున్నాను. పైగా సాయంత్రం దాకా వాడి పక్కనే కూర్చుని, వాడి కార్డుల్లో తప్పు వెతుకుతున్నట్టు నటించాను.

బస్టాపులో వాడన్నాడు: "అందరు పోయిన్రు, నువ్వొక్కనివే నాతోని కూసున్నవ్. మస్తు మంచోనివిరా."

రేపు మళ్లీ నడిపితే జవాబు సరిగ్గా వస్తుంది. అప్పుడూ నాకే దండం పెడతాడు.