పొగ డ్రమ్ము పక్కన పీట

అత్తయ్యకు, పొగకు కళ్లు నలుపుకుంటూ రాస్తున్నాను.

నర్సు శిక్షణలో చేరడానికి సోమవారమే ఆఖరు. నాన్న వద్దనడు. “పొగబెట్టిన ఈ విడత పక్కటెముకలు డ్రమ్ములోంచి దింపి వెళ్దువులే తల్లీ” అంటాడు. అవి దిగేలోపే మరో విడత పంది మాంసానికి ఉప్పు పట్టించి ఉంచుతాడు.

మన ఇంట్లో మొదట బడి గడప తొక్కిన నేను, పెరట్లో మాంసం పొగబెట్టే ఈ డ్రమ్ము పక్కనే పీట వేసుకుని, మంట లేవకుండా తడి రంపపు పొట్టు చల్లుతూ చదివి పాసయ్యాను. ఇప్పుడు ఆ పీటే నన్ను వదలడం లేదు.

“మా అమ్మాయి మాట తప్ప ఈ పొగ ఎవరి మాటా వినదు” అని నాన్న అందరి ముందూ మురిసిపోతాడు.

మాంసం మాడిస్తే నన్ను పంపేస్తాడని నిన్న మంట ఎగదోశాను. కొవ్వు చిటపటలాడగానే నా చెయ్యే వెళ్లి పొట్టు చల్లేసింది.

నువ్వు చెబితే నాన్న వింటాడు. ఆదివారమే వచ్చి నన్ను చెయ్యి పట్టి లేపు.

నీ మేనకోడలు