బంతిపువ్వు బరువు

22 సెప్టెంబర్ 2025

నా రాత కోడి గీకినట్టుంటుంది. ఒత్తులు తప్పుతాయి. సుల్తానాబాద్ బడిలో ఐదు దాకే చదివాను. ఎవరన్నా చదివితే మనసులో పెట్టుకోవద్దు. నోటితో చెప్పడం చేతకాక రాస్తున్నాను.

మగ్గాలు అమ్మేసిన షెడ్డులో మా బిడ్డ నవనీత రోబో పెట్టింది. ఒంటి చేయి మిషన్. పంపుల కంపెనీ వాళ్ళ నల్లటి కార్బన్ బుష్‌లో, అంటే గట్టి రింగులాంటి దాంట్లో, స్టీలు పిన్ను దూర్చాలి. సందు వెంట్రుకంత కూడా ఉండదు. ఈరోజు కంపెనీ శ్యాంసుందర్ సారు ముందే మిషన్ గుడ్డిగా నెట్టి బుష్ పగలగొట్టింది. నీ మిషన్‌కు కోపం జర ఎక్కువున్నట్టుందమ్మా అని నవ్వారు. దసరా తెల్లారి మళ్ళీ వస్తారట. అప్పుడు కూడా పగిలితే ఆర్డర్ రాదు, షెడ్డు మూసుడే అన్నది బిడ్డ.

29 సెప్టెంబర్

బిడ్డ మిషన్ మణికట్టుకు ఫోర్స్ సెన్సర్ బిగించింది. ఇప్పుడు దానికి తాకుడు తెలుస్తుంది. పిన్ను అంచుకు తగలగానే ఆగుతుంది. కొంచెం వంగి, చుట్టూ తడుముకొని, మెల్లగా లోపలికి పోతుంది. గాజులామె గాజు తొడిగినట్టే ఉన్నదని నా భార్య యాదవ్వ మురిసింది. నీ చేతికన్న గిదే మెత్తగున్నదని నన్నూ ఒక మాట అన్నది.

2 అక్టోబర్, దసరా

పొద్దున, మగ్గాలకు కట్టినట్టే, మిషన్ చేతికి బంతిపూల దండ కట్టాను. ముగ్గురం దండం పెట్టుకున్నాం.

సాయంత్రం నడిపితే పిన్ను గాలిలోనే ఆగిపోయింది. మళ్ళీ నడిపితే మళ్ళీ అంతే. బిడ్డ వైర్లన్నీ విప్పి చూసింది. జమ్మికి కూడా ఎవరం పోలేదు. గిప్పుడే గిట్ల కావాల్నా అని యాదవ్వ పరేషాన్.

అప్పుడు దండలోంచి ఒక పువ్వు రాలింది. కంప్యూటర్ మీద తాకుడు చూపే అంకె కదిలింది. నవనీత పువ్వును చూసింది, నన్ను చూసింది. బాపూ, ఏదో తగిలిందనుకొని ఆగుతున్నది, గా తగిలింది నీ దండనే అన్నది. నాకు భూమిలోకి పోయినట్టయింది. తను మాత్రం కడుపు పట్టుకొని నవ్వింది.

3 అక్టోబర్, మధ్యాహ్నం

సారు వచ్చారు. దండ తీసేసి నడిపితే ఒక్క బుష్ కూడా పగల్లేదు. ఐనా నమ్మలేదు, నసీబు మంచిగున్నది అన్నారు. నవనీత ఒక్క బంతిపువ్వును మిషన్ చేతికి దారంతో కట్టింది. టక్కున ఆగింది. ఆయన తన చేత్తోనే విప్పారు. మిషన్ దారి వెతుక్కొని పిన్నును నీళ్ళలోకి దించినట్టు దించింది. ఆయనే మళ్ళీ కట్టారు, మళ్ళీ విప్పారు. ఫికర్ చెయ్యకు బిడ్డా, ఆర్డర్ నీదే అన్నారు. పువ్వు జేబులో వేసుకొని పోయారు.

ఆయన పోకముందు, నిన్న దండ కట్టింది మా బాపే అని బిడ్డ వేలు పెట్టి చూపించింది. నేను నూనె డ్రమ్ము వెనక ఉన్నాను. అక్కడినుంచే ఈల వేశాను. పెళ్ళయినంక ఇదే మొదటిసారి. సిగ్గులేదా ముసలోడా అని యాదవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

4 అక్టోబర్

ఈల మళ్ళీ వేసి చూశాను. వస్తున్నది.

10 నవంబర్

రెండో మిషన్ దిగింది. దండ చేతిలో పట్టుకొని నిలబడ్డాను. ఎక్కడ కట్టాలో తెలియదు. చదివినవాళ్ళు ఎవరైనా సరే, పూలు వాడిపోకముందే జవాబు రాయండి.