పోలమ్మ బడి మానలేదు

కన్యా,

నువ్వు రాజాం నుంచి వచ్చేసరికి నేను బడిలో ఉంటాను. పులుసు కుంపటి మీద ఉంది, నాన్నకి ముందు వడ్డించు. మూడింటికి బడికి రా. ఇవాళే మా పిల్లలు చేసిన బొమ్మల ప్రదర్శన.

నా క్లాసులో పోలమ్మని మాన్పించేస్తారని బెంగపడ్డాను కదా, నిన్న వాళ్ల నాన్న ఎర్రయ్య రానే వచ్చాడు. "సేపలు ఎండబెట్టడానికి మడిసి లేదు పంతులమ్మా, పిల్లని తీసుకెల్లిపోతన్నాను" అన్నాడు. అంతలో పిల్లలు కొబ్బరిమట్టతో చేసిన పడవ కంటపడింది.

"ఏటిది? తెరసాప ఇలగ కడతారేటి? గాలొస్తే పడిపోతాది" అంటూ నేల మీద కూర్చున్నాడు. ముడి ఎలా వెయ్యాలో ఒక్కొక్కరిచేతా వేయించాడు. పొద్దు వాలేదాకా లేవలేదు.

లేచాక భయపడుతూనే అడిగాను, "మరి పోలమ్మ?" అని.

"ఉండనీండి. అయిదో తరగతి అయ్యాక సూద్దాం" అన్నాడు.

అతను గుమ్మం దాటగానే ఏడుపొచ్చేసింది నాకు. రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెరచాపకి నీ పాత ఓణీ చింపాను, కోప్పడకు.

అక్క

ఎర్రయ్య ఇవాళా వస్తానన్నాడు. మళ్లీ నేల మీద కూర్చోబెట్టలేను. నాన్న కుర్చీ పట్టుకురా. ఎవరికని నాన్న అడిగితే, దాచకుండా చెప్పు.