నీరటివాడి మేర

నడిగూడెం

ప్రియమైన యాదమ్మక్కకు,
ఫోన్ పోయింది, ఇక ఉత్తరాలే. నీ బిడ్డ రజని కాన్పు సుఖంగా అయిందట, సంతోషం.

ఈసారి కూడా మేర రాలేదు. నాయన, ఆయన తర్వాత నేను, చెరువు తూము ఎత్తి మడిమడికీ నీళ్లు పంచితే, కోతలప్పుడు కల్లంలో ప్రతి రాశిలోంచీ మన వాటా కొలిచి పోసేవాళ్లు కదా. ఇప్పుడు కల్లమే లేదు. మిషన్ కోస్తుంది, వడ్లు లారీ ఎక్కి మీ మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. తువ్వాల పట్టుకుని కొనుగోలు కేంద్రంలో నిలబడ్డాను. "బిచ్చపోణ్ని ఎవలు రానిచ్చిండ్రు?" అన్నాడు కాంటా పెట్టే ఆయన. "బిచ్చం గాదు, మేర" అన్నాను. "అందరికీ బోర్లున్నయి తాతా, నీ నీళ్లెవలకు గావాలె?" అన్నాడు. అతనిదీ నిజమే.
నీ తమ్ముడు ఐలన్న

మిర్యాలగూడ

ప్రియమైన తమ్ముడికి,
ఆ మనిషి నోరు పడిపోను! నిన్ను ఇక్కడికి రమ్మని రాయాలనే ఉంది, కానీ నేనే అల్లుడింట్లో ఉంటున్నాను. సూర్యాపేట వెళ్లి పింఛను అడుగు. ఒక్క మాట ఇవ్వు తమ్ముడూ, ఎంత కష్టమొచ్చినా ఎవరి ముందూ చెయ్యి చాపనని.
నీ అక్క యాదమ్మ

కోదాడ

ప్రియమైన అక్కకు,
సూర్యాపేట వెళ్లాను. ఆధార్‌లో వయసు చూసి "నీకింకా ముసలితనం రాలే" అని అక్కడి మేడమ్ నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక్కడ రోడ్డు మీది హోటల్లో ప్లేట్లు కడుగుతున్నాను. ఉత్తరాలు హోటల్‌కే రాయి, నువ్వు మాత్రం రాకు, ఓనరుకు చుట్టాలంటే గిట్టదు. అడుక్కునేవాడికి అరవై ఊళ్లంటారు, నీరటివాడికి ఒక్క చెరువే. మాట ఇస్తున్నాను.
ఐలన్న

మిర్యాలగూడ

ప్రియమైన తమ్ముడికి,
నాలుగు నెలలైంది, జవాబు లేదు. మొన్న అన్నమ్మ చిన్నమ్మ పోతే కోదాడ వచ్చాను. నీ ఓనరుకు భయపడి హోటల్‌కు రాలేదు. బస్టాండులో బస్సు ఎక్కుతుంటే గడ్డం పెరిగిన ముసలాయన చెయ్యి చాపాడు. "ఏమన్న తిను తాతా" అని పది రూపాయల బిళ్ల పెట్టి ఎక్కాను. కన్నబిడ్డలు ఎట్లా వదిలేస్తారో! నా తమ్ముడు పని చేసుకుని బతుకుతున్నాడు, నాకదే ధైర్యం.
నీ అక్క

కోదాడ

ప్రియమైన అక్కకు,
దూరం పోయే బస్సులన్నీ ఇప్పుడు బైపాస్ మీద పోతున్నాయి. హోటల్ మూతపడి మూడు నెలలైంది. నీ ఉత్తరం పక్క టీకొట్టు ఆయన ఇచ్చాడు.

బస్టాండులో నువ్వు చూసిన ఆయనకు కన్నబిడ్డలు లేరు. నీకంటే రెండేండ్లు చిన్న. నువ్వు "తాతా" అనగానే గొంతు గుర్తుపట్టాను. చెయ్యి వెనక్కి తీసుకుందామనుకునేలోపే బిళ్ల పడింది. పిలవలేదు. పిలిస్తే నీ బస్సు పోయేది.

మాట తప్పాను. ఏడుద్దామన్నా ఏడుపు రావట్లేదు అక్కా. చెయ్యి చాపడం మొదటి రోజే కష్టం, తర్వాత అదే చాచుకుంటుంది. నీ బిళ్లతో టీ తాగాను. నువ్వు బాధపడకు, ఎవరూ ముఖం చూడరు. నేనూ ఒకప్పుడు చూసేవాణ్ని కాదు.

మళ్లీ ఇటు వస్తే మాత్రం చూడు.
నీ తమ్ముడు
ఐలన్న