అత్తగారు చూపిన దారి

జూన్ 4

రేపటి నుంచి అన్నయ్య బండి నాది. అన్నయ్య ఉద్యోగం కూడా, కాలు బాగయ్యేదాకా.

క్లినిక్‌ల దగ్గర రక్తం శాంపిల్స్ ఐస్ బాక్స్‌లో పెట్టుకుని ల్యాబ్‌లో దింపడం. అంతే పని. పోయిన నెల వానలో నది బ్రిడ్జి మీద అడ్డంగా ఉండే ఇనప పట్టీ దగ్గర ముందు చక్రం జారి అన్నయ్య పడ్డాడు. కాలికి ప్లాస్టర్. సూపర్‌వైజర్ వేరే మనిషిని పెట్టుకుంటానంటే నేనున్నాగా అనేశాను. వదిన నోరు తెరుచుకుని చూసింది.

కళ్లజోళ్ల షాపులో కౌంటర్ వెనక కూర్చుని కూర్చుని నాకు పిచ్చెక్కుతోంది. అక్కడ రెండు నెలలు సెలవు పెట్టేశాను. నేను కుదురుగా కూర్చోలేనని ఇంట్లో అందరికీ తెలుసు. కాలుగాలిన పిల్లి అంటాడు అన్నయ్య.

ఒకటే భయం. నాకు దారులు గుర్తుండవు. మా డెంటిస్ట్ దగ్గరికి వెళ్లి కూడా తప్పిపోయాను ఒకసారి. దానికేం, జీపీఎస్ ఉందిగా అన్నాడు అన్నయ్య. హ్యాండిల్ మీద అరచేయంత డబ్బా. హెల్మెట్‌లో మాట్లాడుతుంది.

జూన్ 5, సాయంత్రం

బాబోయ్, ఆ ఆడగొంతు! కుడికి తిరగండి. కాదు, వెనక్కి తిరగండి. ఎడమ వైపే ఉండండి. ఒక్క క్షణం ఊపిరి తీసుకోనివ్వదు. అరవదు, విసుక్కోదు, కానీ తను చెప్పింది చేసేదాకా వదలదు. దానికి అత్తగారు అని పేరు పెట్టాను. వదిన పడీ పడీ నవ్వింది. పెళ్లి కాకుండానే అత్తగారు దొరికిందట నాకు.

ఒక్క శాంపిల్ కూడా పగల్లేదు.

జూన్ 12

బ్రిడ్జి మీద వెళ్తుంటే కింద నీళ్లు, పక్కన గాలి. గట్టిగా అరిచాను. ఎవరికీ వినపడదుగా హెల్మెట్‌లో.

జూన్ 20

ఇంటికి రావాలనిపించడం లేదు. ఆఖరి క్లినిక్ అయ్యాక కూడా ఊరికే రెండు వీధులు ఎక్కువ తిరిగి వస్తున్నాను. క్లచ్ పట్టి పట్టి ఎడమ చేయి కాయకాసింది. ఆ కాయని పదిసార్లు తడుముకుంటున్నాను, కొత్త ఉంగరం పెట్టుకున్నదానిలా.

అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలోనే ఉంటాడు. రాగానే బండి సౌండ్ ఎలా ఉంది, చైన్‌కి ఆయిల్ పెట్టావా అని అడుగుతాడు. పెట్టానంటాను. ఒక్కోసారి పెట్టను.

జూలై 2

ప్లాస్టర్ తీశారు. ఎముక చక్కగా అతుక్కుందట. పది రోజులు ఎక్సర్‌సైజ్ చేస్తే బండి నడపొచ్చన్నాడట డాక్టర్. వదిన ఫోన్లో అందరికీ చెప్పేసింది. నేనూ చాలా సంతోషం అన్నాను. గదిలోకొచ్చి ఆ పది రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఛీ, ఏం మనిషిని నేను!

రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య జీపీఎస్ తెమ్మన్నాడు. మ్యాప్‌లు అప్‌డేట్ చేస్తాడట. మంచిదే.

జూలై 3

అత్తగారికి ఇవాళ ఏమైందో. ల్యాబ్‌కి బ్రిడ్జి మీదుగా కాకుండా పాత మిల్లు వైపు తిప్పింది. బ్రిడ్జికి రిపేరేమో అనుకున్నాను. లేటయింది.

జూలై 10

ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది దీని వరస. ఇప్పుడు బ్రిడ్జి వైపు రోడ్డే వద్దంటోంది. టైర్ల షాపు సర్కిల్ కూడా వద్దట. సందుల్లోంచి, గోడౌన్ల వెనకనుంచి, కుక్కలు తరుముతుంటే పోయాను. ఐస్ బాక్స్ మూత తీసేసరికి ఐస్ సగం నీళ్లు. ల్యాబ్‌లో అమ్మాయి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

అన్నయ్యతో డబ్బా చెడిపోయిందన్నాను. చూస్తాను ఇటివ్వమని తీసుకుని గదిలోకి వెళ్లాడు.

జూలై 13

బాగు చేశానన్నాడు. ఏం బాగు చేశాడో ఏమో, ఇంకా చెడింది.

జూలై 17

మధ్యాహ్నం సూపర్‌వైజర్ పిలిచాడు. లేట్ల గురించి తిట్టాడు. పడ్డాను. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. అన్నయ్య ఇంకా కాలు నొప్పి అంటున్నాడట. ఆగస్టు ఒకటికి రాకపోతే ఆ చోటు ఖాళీ అని రాసేస్తాడట. కావాలంటే అందులో నా పేరు రాస్తాడట. మీకున్నది ఒకటే బండి, నా దగ్గరున్నది ఒకటే పోస్టు అన్నాడు. ఆలోచించుకోమన్నాడు.

ఆలోచించుకోవడానికేముంది? నాకు కావాలి. ఇక్కడ రాసుకుంటున్నా కాబట్టి చెప్తున్నా, కావాలి, కావాలి, కావాలి.

కాలు నొప్పి అని నాతో ఎప్పుడూ అనలేదే మరి?

జూలై 18, పదకొండున్నర, క్లినిక్ మెట్లమీద

ఈ రోజు అత్తగారు మొండికేసింది. ల్యాబ్ అని కొడితే దారి లేదంది. ఊళ్లో ఉన్న ల్యాబ్‌కి దారి లేకపోవడం ఏంటి, నీ మొహం! ఒళ్లు మండి సెట్టింగ్స్ అన్నీ తెరిచాను. మ్యాప్ చిన్నది చేసి చూశాను.

ఎర్ర గళ్లు. వెళ్లొద్దు అనే చోట్లకి వేలితో గీసే గళ్లు. బ్రిడ్జి మీద ఒకటి. బ్రిడ్జి రోడ్డు మీద ఒకటి. టైర్ల షాపు సర్కిల్, పాత మిల్లు, గోడౌన్ సందు. పక్కన తారీఖులున్నాయి. మొదటిది ప్లాస్టర్ తీసిన రోజుది. ఆఖరివి రెండూ నిన్నటివి, గోడౌన్ సందుదీ, మా వీధి చివరదీ.

అప్‌డేట్ అట! నా ఉద్యోగం ఊడబెరకడానికేనా ఇదంతా? ఇంటికి వెళ్తున్నా. ఉంది వాడికి.

అదే రోజు, రాత్రి

అరిచాను. వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. డబ్బా వాడి ముందు పెట్టి ఇదేంటని అడిగాను. నన్ను లేటు చేయించి గెంటించాలనా అన్నాను. చాలా మాటలన్నాను.

 నువ్వు డబ్బా చెడిందన్నప్పుడు అది నా గళ్ల వల్లేనని చెప్పడానికి సిగ్గేసిందే అన్నాడు అన్నయ్య. తన కోసమే గీసుకున్నాడట. రోజూ రాత్రి ఆ డబ్బా ముందు పెట్టుకుని ఇంటి నుంచి ల్యాబ్ దాకా మనసులో బండి నడుపుతాడట. బ్రిడ్జి దగ్గరికి రాగానే చేతులకి చెమట. సరే, అది తీసేసి ఇంకో దారి వెతుకుదాం అనుకున్నాడు. మర్నాడు ఆ దారిలో ఇంకోచోట చెమట. అదీ తీసేశాడు. తను వెళ్లగలిగే దారి ఒక్కటన్నా మిగులుతుందేమోనని చూశాడట. నిన్న దారి లేదని వచ్చిందట.

వదిన అప్పుడు చెప్పింది. ప్లాస్టర్ తీశాక గేటు దాటలేదు. కాలు నొప్పి కాబోలనుకుందట. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే, దానికి సిగ్గెందుకు, నాతో అయినా చెప్పకూడదా అని ఏడ్చింది.

నేను నోరు మూసుకున్నాను. మూసుకుని ఏం ఆలోచించానో తెలుసా? ఊరుకుంటే చాలు, ఒకటో తారీఖు దానంతటదే వస్తుంది అని.

జూలై 19

పొద్దున్నే ఆ గళ్లన్నీ చెరిపేద్దామని డబ్బా తీశాను. వేలు ఆగిపోయింది. నేను చెరిపితే నాకు దారి వస్తుంది. వాడికెలా వస్తుంది?

గళ్లని అలాగే ఉంచి, దారి అడుగుతూ పోయాను. ల్యాబ్‌కి టైముకే చేరాను.

జూలై 20, ఆదివారం

అన్నయ్యని బండి వెనక ఎక్కించాను. అంత తేలిగ్గా ఏం ఎక్కలేదు. చెల్లెలి వెనక కూర్చుంటే పరువు పోతుందన్నాడు. కిటికీలో కూర్చుంటే పెరుగుతోందా పరువు అన్నాను. వదిన హెల్మెట్ తెచ్చి తనే తొడిగింది, చిన్నపిల్లాడికి టోపీ పెట్టినట్టు.

జీపీఎస్ ఊడదీసి వాడి చేతికిచ్చాను. వీధి చివరిదాకా వెళ్లాం. అంతే. నా నడుం బెల్టు పట్టి లాగి ఇక చాలన్నాడు. ఇంజన్ ఆపి వీధి చివరి గడి వాణ్నే చెరపమన్నాను. చెరిపాడు.

ఇంటికొచ్చి ఇద్దరం చొక్కాలు పిండుకోవాల్సొచ్చింది.

జూలై 24

డ్యూటీ అయ్యాక రోజూ వెళ్తున్నాం. గోడౌన్ సందు గడి పోయింది. కుక్కలు మా ఇద్దర్నీ తరిమాయి. అన్నయ్య నవ్వాడు. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని.

పాత మిల్లు పోయింది. టైర్ల సర్కిల్ దగ్గర దిగిపోయి పక్కన నిలబడి, చాలాసేపటికి చెరిపాడు.

జూలై 26

సూపర్‌వైజర్ మళ్లీ అడిగాడు. ఇంకా తేల్చుకోలేదన్నాను. తేల్చుకునే ఉన్నాను. అదే నా బాధ.

జూలై 27, ఆదివారం

బ్రిడ్జి.

సగానికి ముందే ఆపమన్నాడు. దిగాడు. నడుస్తానన్నాడు. నేను పక్కనే మొదటి గేర్‌లో. వెనక హారన్ల మోత. ఒక వ్యాన్‌వాడు ఏదో అన్నాడు, నేను అంతకు రెండింతలు అన్నాను.

ఇనప పట్టీ దగ్గర ఆగాడు. చెప్పు కొనతో దాన్ని రెండుసార్లు తట్టాడు. ఇంతేనా ఇది అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అవతలి ఒడ్డుకి వచ్చాక చేయి చాపాడు.  నీళ్ల బాటిల్ కోసం అనుకున్నాను ముందు.

తాళం అడుగుతున్నాడు.

ఇచ్చాను. ఏం చేయను, ఇవ్వడానికేగా ఇన్నాళ్లు తిప్పింది. వచ్చేటప్పుడు నేను వెనక కూర్చున్నాను. పట్టీ దాటుతుంటే వాడు కొంచెం కూడా తగ్గించలేదు. ఆఖరి గడి నా చేత చెరిపించాడు.

జూలై 31

సూపర్‌వైజర్‌కి చెప్పేశాను, అన్నయ్య రేపు వస్తాడని. ఎంత సంతోషంగా చెప్పానో! బయటికొచ్చి బండి ట్యాంకు మీద తల పెట్టుకుని కూర్చున్నాను. చైన్‌కి ఆయిల్ పెట్టాను. నిజంగానే పెట్టాను.

ఆగస్టు 1

బండి లేదు. డబ్బా మాత్రం టేబుల్ మీద ఉంది. నా దారి నాకు తెలుసు, అది చెల్లెలికే ఉంచు అన్నాడట వదినతో.

షాపుకి టైమవుతోంది. ఎందుకో షూ వేసుకునే కూర్చున్నాను. ఆన్ చేశాను. మా ఇల్లు, వీధి, కళ్లజోళ్ల షాపు, మూడూ పట్టేలా పెద్ద ఎర్ర గడి గీశాను. ఇప్పుడు చెప్పండి అత్తగారూ, ఎటు పోను అన్నాను.

చాలాసేపటి నుంచీ ఆలోచిస్తోంది.